చిటికెన వేలి తూకం

సర్వేవాళ్లు కొండెక్కుతున్నారంటే మంగ్లు ముందురోజే మూట కట్టుకుంటాడు. వాళ్ల సామాను మోసేది అతనే, సొంత తిండి బరువు కాకూడదు. నాలుగు రోజులకు రాగులు వేయించి పట్టిన చోడిపిండి, బెల్లం, ఎండుమిరపకాయలు అడ్డాకుల్లో చుట్టి, మూటను చిటికెన వేలికి తగిలించి చూస్తాడు. వేలు లాగితే బెల్లం కొంత తీసేస్తాడు. తూకం కుదిరాక మాత్రం, వెదురుగొట్టం నిండా తేనె అందులో దోపుతాడు.

“పిడికెడు బెల్లం బరువన్నావు, మరి ఇదేటి?” అన్నాడు సర్వేయరు వరహాలరావు ఈసారి.

“మా కూతురు గుంటకి బాబూ. పాచిపెంటేపు మనువిచ్చి మూడేళ్లయినాది. మన దారి అటు తిరుగుతాదేమోనని.”

దారి చీలేచోట వరహాలరావు చెయ్యి పాచిపెంట వైపు కాక టైడా వైపే చూపించింది. నాలుగోరోజు కొండ దిగి సామాను దించుతూనే మంగ్లు అడిగాడు:

“మళ్లీ ఎప్పుడెక్కుతారు బాబూ?”