టోకెన్లకు అందని పొడుగన్న

మొన్న సాయంత్రం విరుదునగరులో, ఎండ మెత్తబడి బజారంతా నూనె పరోటా వాసన తేలుతున్న వేళ, మా చిన్నవాడు కొట్టు బల్ల మీద సెల్‌ఫోన్ ఆనించి పెట్టుకుని, ఆస్తి పోయినవాడిలా తల పట్టుకు కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, ఫోనులో వాడికొక బాస్కెట్‌బాల్ జట్టు ఉందట, జట్టు మొత్తం జీతాలకు ఒక హద్దు ఉందట, ఆ హద్దులో సగానికి పైగా ఒక్క పొడుగువాడే మింగేస్తున్నాడట. వాణ్ణి ఉంచుకుంటే బంతి అందించేవాళ్ళకు చాలదు, వదిలేస్తే గెలవడం కల్ల. నాకు నవ్వాగలేదు. వాడు అలిగి ఫోను అటు తిప్పుకున్నాడు గానీ, నా కళ్ళు అప్పటికే ఆ పరోటా పెనం మీది ఆవిరిలో కలిసి ఎక్కడికో వెళ్ళిపోయాయి. నా ఈడు వాళ్ళు మీరైనా వినండి. సగం నమ్మితే చాలు, మిగతా సగం నేను కలిపినదే అయి ఉంటుంది.

తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము, కోవిల్పట్టిలో మాది కడలమిఠాయి వంట. వేరుసెనగపప్పు వేయించి, బెల్లప్పాకంలో కలిపి, పలకలుగా కోసి ఊళ్ళకు పంపేవాళ్ళం. పప్పు ఆరబోయడానికి తాత పోయించిన సిమెంటు కళ్ళమే మా పెదనాన్నకు బాస్కెట్‌బాల్ మైదానం. పగలు పప్పు ఆరేది, సాయంత్రం దాన్ని ఊడ్చి ఎత్తితే, అటొక రింగు ఇటొక రింగు కింద పెదనాన్న జట్టుగా వీధి పిల్లలు ఆడేవాళ్ళు. ఆ బంతికి తోలు వాసన ఉండేది కాదు, వేయించిన పప్పు వాసన ఉండేది. ఎండాకాలం సందెవేళ బంతి నేలను కొట్టే చప్పుడు, పాకం కలిపే గరిటె చప్పుడు ఒకే తాళంలో పడితే, నేను పొట్లాలు కట్టడం మరచిపోయి మేఘాలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

తాతకు మాత్రం ఆ చప్పుడు పడేది కాదు. ఒక్క కప్పు కూడా తేలేని ఆటకు ఇంత నేల ఎందుకు, ఈసారి విరుదునగరు పోటీలో కప్పు వస్తే కళ్ళం మీకే, రాకపోతే గోడౌను కడతానని చెప్పేశాడు. తాపీమేస్త్రి వచ్చి దారంతో కొలతలు కూడా తీసుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి పెదనాన్నకు అన్నం సహించలేదు.

పోటీ పెట్టే పెద్దలదొక వింత షరతు. అంతకు ముందెప్పుడో ఒక మిల్లు జట్టు డబ్బు పోసి ఎత్తైనవాళ్ళనందరినీ కొనేసిందట, చూసేవాళ్ళకు విసుగెత్తి మైదానం ఖాళీ అయిందట. అందుకని బయటి ఊళ్ళనుంచి తెచ్చుకునే ఆటగాళ్ళ జీతానికి హద్దు పెట్టారు. జట్టుకొక సంచీడు ఇత్తడి టోకెన్లు ఇస్తారు. జీతం, తిండి అన్నీ వాటిలోనే. మైదానం పక్కనున్న పరోటా కొట్టులో టోకెను ఇచ్చి తినవచ్చు, తినగా మిగిలినవి అక్కడే డబ్బు చేసుకోవచ్చు. సంచీ అయిపోతే అంతే. ఇంటి పిల్లలకు మాత్రం ఈ లెక్క లేదు, కొడుక్కి అన్నం పెట్టొద్దని ఏ తల్లికి చెప్పగలరు?

పెదనాన్న ఆ సంచీ నడుముకు కట్టుకుని నిద్రపోయేవాడు. ఉన్నదంతా ముందే పంచేస్తే, మధ్యలో ఎవడి కాలో బెణికితే కొత్తవాణ్ణి తేవడం ఎలాగని కొన్ని చేతిలో మిగుల్చుకోవాలని ఆయన పట్టు. మిగుల్చుకుని ఓడిపోతే ఆ ఇత్తడిని కరిగించి తాళం చేసి గోడౌనుకు వేసుకుందామా అని పెద్దమ్మ ఎదురు ప్రశ్న.

అప్పుడు వచ్చాడు మా జట్టుకు ఆడతానని, ఆలంగుళం నుంచి ఆ పొడుగాయన. వాళ్ళ నాన్న సున్నపురాయి గనిలో పనివాడు. బిడ్డ పుట్టినప్పుడు కొలవడానికి ఇంట్లో ఉన్న టేపు చాలక, గనిలో రాళ్ళు కొలిచే టేపు తెచ్చాడట. సాత్తూరులో బస్సు దిగితే, అగ్గిపెట్టెల పనికి వెళ్ళే ఆడవాళ్ళు కొత్తగా కరెంటు స్తంభం నాటారనుకుని తప్పుకుని నడిచారట. మా కళ్ళంలో ఎగరకుండానే బంతిని రింగులో జారవిడిచాడు, గూట్లో దీపం పెట్టినంత నెమ్మదిగా. తరువాత నా వైపు వంగి నీళ్ళడిగాడు. నేను చెంబు పైకెత్తాను. ఆ చెంబు పైకి వెళుతూనే ఉంది, వెళుతూనే ఉంది, నాకు మాత్రం ఆ సాయంత్రం అక్కడే ఆగిపోయింది.

చిక్కల్లా ఆయన ఆకలి. తిండికే సంచీలో ముప్పాతిక కావాలి. ఆయన్ను పెట్టుకుంటే బంతి అందించడానికి సాత్తూరులో చూసుకున్న ఇద్దరు కుర్రాళ్ళను వదులుకోవాలి. వాళ్ళు లేకపోతే ఆయన రింగు కింద ఊరికే నిలబడి ఉండాల్సిందే. పెదనాన్న టోకెన్లను నేలమీద పరచి, అటు కొన్ని ఇటు కొన్ని జరుపుతూ మూడు రోజులు కూర్చున్నాడు.

నాలుగో రోజు పెద్దమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ పొడుగబ్బాయి గొణుగుడు విని గరిటె ఆపింది. మనవాళ్ళ మాటే!

"ఏందబ్బాయ్, నువ్వు తెలుగోడివా? మీ నాయనను కన్న అవ్వది ఏ ఊరు?"

"నరికుడి పక్కనమ్మా."

"నరికుడా! మా అత్త పుట్టింది ఆడనే గదా! అట్లయితే వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళే. నువ్వు మా ఇంటి బిడ్డవు, ఇంకొంచెం ఏసుకో."

చనిపోయిన మా అవ్వకు చెల్లెలుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. అవ్వకే తెలియదేమో. కానీ పెద్దమ్మ లెక్క కుదిరింది. ఇంటి బిడ్డ అయితే ఇంట్లో తింటాడు, టోకెన్లు సాత్తూరు కుర్రాళ్ళకు పోగా ఇంకా చేతిలో మిగులుతాయి.

అయితే వరస అంటే పోటీ పెద్దలకు అనుమానం. కిందటేడు ఒక జట్టువాళ్ళు తెచ్చినవాళ్ళందరినీ ఇంటికి కాబోయే అల్లుళ్ళన్నారు. పెళ్ళికొడుకులు అయిదుగురు, ఆ ఇంట్లో పిల్ల ఒక్కతే. అప్పటినుంచి అల్లుడు, బావ వరసలు చెల్లవు, అన్నదమ్ములైతేనే ఇంటివాళ్ళని తేల్చేశారు.

పోటీకని విరుదునగరు వెళ్ళి, జట్టుకు వంట కోసం మేము దిగిన ఇంటి వసారాలో చిన్నుల్లిపాయలు ఒలుస్తూ పెద్దమ్మ నా ముఖం చూడకుండానే అంది: "ఏమ్మే, నాకు కండ్లుండాయి. ఈ వరస నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. కళ్ళం పోతే పోనీ, ఇంకో దారి చూస్తాం." నేను ఇంకో గుప్పెడు ముందుకు లాక్కున్నాను. ఉల్లిపాయలు మంచి ఘాటువి, ఇద్దరికీ కళ్ళు తుడుచుకోవడానికి వీలైంది. పైటకొంగు వాసన చూస్తే వేయించిన పప్పు, బెల్లం. కళ్ళం లేని సాయంత్రాలు ఎలా ఉంటాయో ఊహించుకోబోయాను, చేతకాలేదు.

మొదటి ఆటకు ముందే వరస మీద గొడవ లేచింది. పోటీ పెద్దల్లో ఒకాయన మా పెదనాన్నను పక్కకు నెట్టి, తమిళం ఆపి తెలుగులో నన్నే అడిగాడు.

"పెద్దోళ్ళు ఏమైనా చెప్తారు. నువ్వు చెప్పు పాపా, ఈ పిల్లోడు నీకేమవుతాడు?"

మైదానమంతా నా వైపు తిరిగింది. ఆయన కూడా చూశాడు, అంత ఎత్తునుంచి, ఏదో అడుగుతున్నట్టు. ఆయన మనసులోనూ ఏదైనా ఉండేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

"అన్న" అన్నాను.

ఆ మాట నా నోటినుంచి బయటికి రావడానికి ఒక గూడ్సు బండి దాటేంత సేపు పట్టిందని నాకనిపించింది. పెద్దమ్మ మాత్రం ఠక్కున చెప్పానంటుంది. ఆ తరువాతి ఆటలన్నీ నేను కలలోలాగా చూశాను. సాత్తూరు కుర్రాళ్ళు వల నేసినట్టు బంతిని అటూ ఇటూ తిప్పేవాళ్ళు, ఆయన చేయి చాపి అందుకునేవాడు, దీపాల వెలుగులో ఆయన నీడ రైలు పట్టాల దాకా సాగితే ఇంజను డ్రైవరు అడ్డంగా మాను పడిందనుకుని బండి ఆపేవాడు. ఆఖరి ఆటలో ముగ్గురు ఆయన్ను పట్టుకుని వేలాడుతుంటే, ముగ్గురితో సహా వెళ్ళి బంతి వేసి వచ్చాడు.

కప్పు తీసుకుని కోవిల్పట్టి చేరేసరికి తాత గుమ్మంలోనే ఉన్నాడు. కప్పు వంక చూడలేదు. పొడుగాయన్ను పాదాలనుంచి తలదాకా, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

"మా ఆమెకు చెల్లెలుండిందని ఇన్నాళ్ళకు తెలిసె. రా నాయనా, కూర్చో, తిను."

తాపీమేస్త్రి మళ్ళీ రాలేదు. సాత్తూరు కుర్రాళ్ళు టోకెన్లు మార్చుకుని వెళ్ళిపోయారు, మరుసటేడు ఇంకో జట్టుకు ఆడారు. తప్పేముంది, వాళ్ళ లెక్క తీరింది. ఆయన లెక్క మాత్రం తీరలేదు. అన్నదమ్ములు లేని నాకు పెళ్ళిలో పుట్టింటి చీర తెచ్చింది ఆయనే. చెవులు కుట్టించేటప్పుడు నా పిల్లలిద్దరినీ మేనమామగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఆయనే. ఆ ఒడి ఎంత పెద్దదంటే, మా చిన్నవాడు అందులో నిద్రపోతే వెతకాల్సి వచ్చింది.

ఇదంతా చెప్పుకుపోతుంటే మా చిన్నవాడు ఫోను పక్కన పెట్టి విన్నాడు. చివర్న నిట్టూర్చి, "ఈ ఆటలో వరస కలపడానికి లేదమ్మా" అన్నాడు, ఆ పొడుగువాణ్ణి వదిలేశాడు. నిజమే. ఇప్పుడు ఎవరి హద్దు వారికి అంకెల్లో తెలుసు, గడువు తీరగానే చొక్కా రంగు మార్చుకుని వెళ్ళిపోవచ్చు, ఎవరి మనసూ ఎక్కడా చిక్కుకోదు. తాత తరువాత కళ్ళం కూడా ఎవరెవరికో చేతులు మారి, ఇప్పుడు అక్కడ లారీలు నిలుస్తున్నాయి. ఆ వైపు వెళితే డీజిలు వాసన.

అన్న ఇప్పటికీ వస్తాడు. గుమ్మంలోనే "చెల్లీ" అని పిలిచి నీళ్ళడుగుతాడు, చెంబు నేనే అందిస్తాను. మునుపటిలా చేయి అంత పైకెత్తనక్కరలేదు. ఆయన కొంచెం వంగిపోయాడు.