మొదటి ఆశయం మార్చింది నేనే

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దొంగతనం కాదు, ఖూనీ కాదు. అయినా ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. మీరు నాకు ఎదురుపడరు కాబట్టి మీకు చెబుతున్నాను.

గోపాలపట్నంలో మాకో కళాసమితి ఉంది. మాది గోదావరి వైపు. నాన్న పోర్టు ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు, తర్వాత నేనూ అందులోనే చేరాను. నాతో పనిచేసిన ఎల్లాజీది సముద్రం మీద బతికిన కుటుంబం. అతనూ నేనూ ఇంకొందరం కలిసి సమితి పెట్టాం. ఆశయాలు మద్దిలపాలెంలో టీకొట్టు దగ్గర నిలబడి అనుకున్నాం. మొదటిది ఎల్లాజీ చెప్పిందే: "ఈ ఊరోల్లు పాడుకునే పాట ఏదైనా స్టేజీ ఎక్కాల." దాన్ని నేను మంచి తెలుగులో పెట్టాను, అంతే.

మాకో ఆచారం ఉంది. వార్షికోత్సవంలో దీపం వెలిగించే ముందు కార్యదర్శి ఆశయాలు చదువుతాడు, సభంతా లేచి నిలబడుతుంది. ఆ కార్యదర్శిని నేను.

ఒక ఏడాది నేను రాసిన నాటకం వేశాం. జనం ఆవలించారు. ఆ వెంటనే ఎల్లాజీ బృందం వల లాగే పాటలు ఎత్తుకుంది. అబ్బో, కుర్చీలు వదిలేసి చిందులేశారు! నేనూ నవ్వుతూ చప్పట్లు కొట్టాను గానీ లోపల కుతకుతలాడిపోయాను. ఎందుకంత కుళ్లు నాకు? నా నాటకానికి తెరలు కట్టింది వాడే. ముందు వరసలో కూర్చుని, ఎవరూ నవ్వని చోట కూడా నాకోసం నవ్వింది వాడే.

తర్వాత హాలు కట్టిస్తానని ఒక దాత ముందుకొచ్చాడు. ఆశయాలు శుభ్రంగా రాసివ్వమన్నాడు. ఇంకేమీ అడగలేదు. మొదటి ఆశయం కొట్టేసి "శాస్త్రీయ కళల పరిరక్షణ" అని రాశాను. ఎల్లాజీ కమిటీలో లేడు, ఉన్నవాళ్లెవరూ కాదనలేదు. వినడానికి గొప్పగా ఉంది మరి. సంస్థ అన్నాక ఒక దిశ ఉండాలి, అందరికీ తలుపులు తీస్తే అది సంతవుతుంది అని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. దిశా లేదు, దిబ్బా లేదు. వాడి పాట ఆగాలి. నాక్కావలసింది అదే.

హాలు ప్రారంభానికి ఎల్లాజీ కొత్త పాట కట్టుకుని వచ్చాడు.

"ఏటి బావా, మా పాట ఇంక పనికిరాదంతన్నారు?"

"దాత పెట్టిన షరతు బావా. నా చేతిలో ఏముంది?"

నా భుజం తట్టాడు. "పోన్లే. పైనోల్లు అలగంటే నువ్వేటి సేత్తావ్? నువ్వు మనసు పాడుసేసుకోకు."

నన్నే ఓదార్చాడు! అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు.

పాడే చోటు లేక బృందం చెదిరిపోయింది. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఎల్లాజీ వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పాటలు ఇప్పుడు వాడొక్కడికే వచ్చు. వాడి తర్వాత ఎవరికీ రావు. దానికి కారణం నేను. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచీ తంటాలు పడుతున్నాను.

వాడు మాత్రం సమితి మానలేదు. ఏటా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి చివరి వరసలో కూర్చుంటాడు. మొన్నటి వార్షికోత్సవంలో మోకాళ్లు పట్టేసి లేవలేకపోతున్నాడు. కూర్చోమని వేదిక మీద నుంచే సైగ చేశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. వాడు నిటారుగా నిలబడేదాకా ఆగి, మొదటి ఆశయం చదివాను.

ఆ వాక్యం దాత పెట్టింది కాదు. నేను పెట్టింది. ఎల్లాజీకి ఎప్పటికైనా చెప్పగలనా? తెలీదు. ఇక్కడైతే రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది.