చక్రవర్తి గారి పులిపిరి

మ్యూజియంలో నాణేల గది చూసుకునే ఆయన్ని చుట్టాలందరూ పులిపిరి మాస్టారు అంటారు. ఆయన మొహం నున్నగానే ఉంటుంది. పులిపిరి ఒక రోమన్ చక్రవర్తిది. సదరు ప్రభువు ఎప్పుడో కాలం చేయడంతో బిరుదు వారసత్వంగా ఈయనకు సంక్రమించింది.

ముక్కు తీరు, మెడ మడత, గడ్డం వాలు చూసి నాణెం మీది మనిషి వయసూ గుణమూ చెప్పడం మాస్టారి విద్య. ఆ చక్రవర్తి వెండి నాణేలు మూడున్నాయి. ఒకదాంట్లో చెంప మీద ఆవగింజంత బుడిపె, ఇంకోదాంట్లో కందిగింజంత. మూడోదాంట్లో అది ముక్కు దాకా పాకింది. ముదిరే పులిపిరిని బట్టి ముదిరే పాలనను ఆయన పూసగుచ్చినట్టు వర్ణించేవాడు. పెళ్లిళ్లలో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ.

రిటైరయ్యే ముందు మ్యూజియం వారు ఆయనకు ఒక ఉపన్యాసం ప్రసాదించారు. మొదటిదీ, ఆఖరిదీ. బావమరిది వ్యాను కట్టించి బంధుబలగాన్ని దింపాడు.

ఆ ఉదయం నాణేలు అద్దాల పెట్టెలో పక్కపక్కన పేరుస్తూ మాస్టారు కొయ్యబారిపోయాడు. పులిపిరి పెరిగింది సరే, చెవి మీది ఉంగరాల జుట్టు ఒక్క వెంట్రుకైనా కదల్లేదేం? ఇన్నాళ్లూ భూతద్దం బుడిపె దాటి పోలేదు మరి! మూడూ ఒకే అచ్చుతో కొట్టినవి. అచ్చులో పెచ్చూడి గుంట పడింది, ఆ గుంటలోకి వెండి ఎక్కి బుడిపె లేచింది. కొట్టినకొద్దీ గుంట పెద్దదైంది. ప్రభువుల చెంప నిష్కళంకం.

"మొహం అలా వేలాడేశారేం?" అంది వెంట వచ్చిన భార్య.

"పులిపిరి లేదే!"

"పోతే పీడా పోయింది."

"నా ఉపన్యాసమంతా దాని మీదే!"

"ఒంట్లో బాగోలేదని చెబుదామా?"

"ఎవరికి? నాకా, చక్రవర్తికా?"

"పోనీ, రాసుకున్నదే చదివేయండి. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా. లేని జబ్బు అంటగట్టిందీ నేనే."

వేదికెక్కి కాగితాలు పక్కన పెట్టి, తను ఎలా బోల్తాపడ్డాడో మొదటినుంచీ చెప్పాడు. హాలు ఒకటే నవ్వు. ఎన్నడూ చెవి ఒగ్గని చుట్టాలు అద్దాల పెట్టె దగ్గర తోసుకుంటూ వెంట్రుకలు పోల్చారు.

"బావా, లేని రోగం నయం చేసిన ఘనుడివి నువ్వొక్కడివే!" అన్నాడు బావమరిది.

"అది సరే గానీ, ఇలా రా. గడ్డం కింద ఆ గాటు చూశావూ? అది మాత్రం యుద్ధంలో..."

బావమరిదికి వ్యాను సంగతి గుర్తొచ్చింది.