ఇంటికొక చెయ్యి

ఆ ఏడాది మా వైపు అసెంబ్లీ ఎన్నికలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆ ఓటు ఎలాగూ అందదు. అయితే నాయకులు ఓట్లకు రాకముందే మా ఊళ్లో ఇంకో ఓటు పెట్టారు. చెరువు పక్కన మక్కజొన్నలతో స్పిరిట్ తీసే ఫ్యాక్టరీ వస్తోంది, వద్దనేవాళ్లు ఆదివారం వచ్చి చెయ్యెత్తాలని గ్రామాభివృద్ధి కమిటీ చాటింపు వేయించింది. ఫ్యాక్టరీ ఆపుతామన్నవాళ్లకే ఊరి ఓట్లని నాయకులకు చెప్పాలని వాళ్ల ఆలోచన. ఇంటికొక చెయ్యి. మనిషి రాని ఇంటికి కట్టడి. కట్టడి పడితే కిరాణంలో ఉప్పు పుట్టదు, ట్రాక్టరు పొలంలోకి రాదు, చచ్చినా నలుగురు రారు.

నేనప్పుడు అబుదాబి దగ్గర ముసఫాలో, ఐకాడ్ లేబర్ క్యాంపులో ఉన్నాను. మా ఊరివాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. కిటికీలు చేసే షెడ్డులో హెల్పర్ పని, గదిలో ఆరుగురికి వంట కూడా నాదే. మా ఫోర్‌మన్‌ది మా ఊరే, తిండి మాతోనే. ఫ్యాక్టరీకి భూమి అమ్ముతున్నది అతని అన్న. నా వీసా నెలాఖరుకు అయిపోతుంది. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని ముదీర్, అంటే మేనేజరు, అడిగేది ఫోర్‌మన్‌నే.

గురువారం గిన్నె ముందు కూర్చుని అతనే మాట ఎత్తాడు. "తమ్మీ, మీ ఇంటామెకు చెప్పు. పొమ్మను, కూసొమ్మను. చెయ్యి మాత్రం లెవ్వద్దు. లేస్తే ఈడ నీ కథ ఖలాస్."

నవ్వుతూనే అన్నాడు.

ఇంటికి ఫోన్ చేసి బతిమాలాను. "ఎనకకు కూసో. నెత్తిమీద కొంగు కప్పుకో. చేతులు ఒళ్లో పెట్టుకో."

"మా అక్కోళ్ల ఊళ్లె గసొంటి ఫ్యాక్టరీనే వచ్చింది. బోరు నీళ్లు బర్రెలు గూడ ముడ్తలెవ్వు," అంది మా ఆవిడ.

"నా వీసా పోతదే."

"వీసా పోతే ఊరికొస్తవ్. నీళ్లు పోతే యాడికొస్తవ్?"

ఫోన్ పెట్టేసింది. ఎత్తుతానని గానీ, ఎత్తనని గానీ చెప్పలేదు.

ఆదివారం అందరికీ సెలవు. మీటింగ్ అయ్యాక కమిటీ వాళ్లు ఊరి వాట్సాప్‌లో దాని వీడియో పెట్టారు. ఒకే ఫోన్‌ను నీళ్ల డబ్బాకు ఆనించి గదంతా చుట్టూ చేరాం. ఫోర్‌మన్ వచ్చి సరిగ్గా నా పక్కనే కూర్చున్నాడు. అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది.

మొదట మగవాళ్ల చేతులు లేచాయి. తర్వాత ఫోన్ ఆడవాళ్ల వైపు తిరిగింది. అందరి ముఖాల మీదా కొంగులే. లెక్కపెట్టేవాడు ఒకచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "ఇంటికొక్కటే అని చెప్పినం గదనే, రెండెందుకు లేపినవ్?" అని ఒకామెను అడిగాడు.

"ఒకటి నాది. ఒకటి దుబాయిల ఉన్న మా ఆయనది."

గొంతు మా ఆవిడది.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోర్‌మన్ నా రెండు చేతుల వైపూ చూశాడు. "నువ్వు ఈడ్నే కూసున్నవ్ గదరా. నీ చెయ్యి ఆడికెట్ల పోయింది?"

"నేను చెప్పలె అన్నా. నీ మీద ఒట్టు."

"మంచిది. చెయ్యి పోయినకాడికే మనిషిని గూడ పంపుదాం."

ఇక అయిపోయిందనుకున్నాను. ఇంతలో ఫోన్‌లో లెక్కపెట్టేవాడు మళ్లీ విసుక్కున్నాడు. "నీదేందవ్వా, నువ్వు గూడ రెండు లేపినవ్?"

మా ఆవిడ పక్కన కూర్చున్న ముసలామె కొంగు తీసింది. ఫోర్‌మన్ తల్లి.

"నా చిన్నకొడుకు గూడ దుబాయిలనే ఉన్నడు బిడ్డా. వానిదొకటి రాసుకో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తల్లి ఉండేది పెద్దకొడుకు ఇంట్లో, భూమి అమ్ముతున్నవాడి ఇంట్లో. ఆ పెద్దాయన కోపం ఊరందరికీ తెలుసు. కోపంలో గొడ్డును కొట్టినట్టు మనిషిని కొడతాడు. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది, కానీ ఫోర్‌మన్ చూడటం లేదు. అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి మళ్లీ జేబులో పెట్టాడు. మళ్లీ మోగింది.

"మా అన్న," అన్నాడు. తల్లికి చేశాడు, ఎత్తలేదు. మూడుసార్లు చేశాడు.

నేను లేచి బియ్యం కడుగుతూ నిలబడ్డాను. ఏం చేయాలో తెలియనప్పుడు నాకు చేతనైంది అదొక్కటే. వెనకనుంచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను.

"మీ ఇంటికి ఫోన్ చెయ్యి."

చేశాను. చాలాసేపు మోగాక మా ఆవిడ ఎత్తింది. ఆయాసపడుతోంది.

"ముసలామె యాడున్నది?" అన్నాను.

"మన ఇంట్లనే ఉన్నది. మీటింగ్ కాడ్నుంచే నా ఎంబడి తోల్కచ్చిన. వాళ్ల పెద్దోడు వాకిట్ల నిలవడి ఒర్లుతున్నడు."

ఫోర్‌మన్ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. అరుస్తాడనుకున్నాను.

"చెల్లే," అన్నాడు. "తలుపు తియ్యకు. నేను ఆనితోని మాట్లాడేదాంక అవ్వను బయటికి పంపకు."