కాలంగాని బోనాలు

పోయిన నెల నా బిడ్డ పోయింది. జ్వరమని మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం, ప్రాణంతో తిరిగి రాలేదు. కడచూపుకు వచ్చినవాళ్లలో నేనెన్నడూ చూడని గొర్ల కాపరులే ఎక్కువ. ఎందుకో మీకు చెప్పాలి. నాకు రాసుడు అంతగా రాదు, వచ్చినంత రాస్తున్నాను.

మాది మక్తల్ పక్కన ఊరు. నా బిడ్డ పశువుల దవాఖానలో పనిచేసేది. ఇంటికొస్తే ఫోన్‌లో ఊర్లవాళ్లు పెట్టే బోనాల వీడియోలు చూసేది. మా దిక్కు మందకు రోగమొస్తే మొదట పోచమ్మకు బోనం చేస్తారు, డాక్టరుకు తర్వాత చెప్తారు. అందుకే బోనాల కాలం కానప్పుడు ఎవరైనా బోనమెత్తి మంద మీద పసుపునీళ్లు చల్లితే, ఆ ఊరిని ఫోన్ పటంలో గుర్తు పెట్టేది. ఊరి పేరు లేకుంటే వీడియోలో కనిపించే బడి గోడ మీది రాతలు చూసి పట్టేది. అక్కడి వాళ్ల నంబరు సంపాదించి, "అన్నా, గొర్లు మంచిగున్నయా?" అని అడిగేది. రోగమని తేలితే డాక్టరు సారుకు చెప్పేది, ఆ దిక్కు పోయే కాపరులకూ ఫోన్ చేసి చెప్పేది.

ఒకసారి లెక్క తప్పింది. "అది మా మనవరాలి మొక్కు తల్లీ, గొర్లు నీకన్న మంచిగున్నయి" అన్నారట. నాకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది.

పోయినేడు మా మరిది మందను కర్ణాటక దిక్కు మేపుకు తోలబోయాడు. ఆయన బతుకంతా ఆ మందే. నా బిడ్డ అడ్డం నిలబడింది.

"చిన్నాయినా, ఆగు. నువ్వు పొయ్యే తొవ్వ పొంటి ఒక ఊరెన్క ఒక ఊరు బోనాలు చేస్తున్నరు. పారుడు రోగమే అనిపిస్తాంది. టీకాలేపిచ్చి పో."

"పోచమ్మ నీకు ఫోన్ చేసి చెప్పిందా? ఇక్కడ గడ్డి ఎండిపాయె. గొర్లకేం పెట్టాలె, నీ ఫోనా?"

"వీడియో పెట్టింది పోచమ్మ గాదు, నీ అసొంటోళ్లే."

నేను పక్కకు పిలిచి, "తప్పైతే ఎట్ల బిడ్డా?" అన్నాను.

"తప్పైతే నన్ను తిట్టుకుంటరు. నిజమైతే మంద పోతది. తిట్లే అగ్గువ బేరం గదనే అమ్మా."

మరిది గొణుక్కుంటూనే ఆగాడు. ఆమె డాక్టరు సారును బతిమిలాడి తెచ్చి, గొర్లను తనే ఒడిసిపట్టి టీకాలేయించింది. టీకా పనిచేసేదాకా ఆయన ఊర్లోనే కొమ్మలు కొట్టి మేపాడు. ముందే వెళ్లిన మందల్లో గొర్లు నోళ్లు పుండ్లై, పారుకుంటూ తొవ్వలోనే పడిపోయాయి. మా మరిది మంద నిలిచింది. ఇంట్లో ఆమెను ఒక్క మాట పొగడలేదు గానీ, సంతలో మాత్రం "మా బిడ్డ చెప్పంది నేను ఊరు దాట" అని అందరికీ చెప్పుకుని తిరిగాడు.

నిన్న మళ్లీ మందను తోలుకుని బయలుదేరాడు. మా ఇంటి ముందుకొచ్చి ఆగాడు.

"పోవాల్నా వదినా, వద్దా?" అన్నాడు.

గొర్లు రోడ్డు నిండా నిలబడ్డాయి. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి, మా తలుపు దిక్కే చూస్తున్నాడు.