ఎర్ర కుళాయి, ఎలుక మోకాలు

మొన్న నా పీహెచ్‌డీ సింకులో కొట్టుకుపోయింది. కుళాయి తిప్పింది నేనే. టీ తాగుతూ వినండి. నవ్వు ఆపుకోవాల్సిన పనేం లేదు, మా గైడే ఆపుకోలేకపోయారు.

ముందు మా ఇంటి కుళాయిల సంగతి చెప్పాలి. షార్జాలో మా బిల్డింగు నీళ్ల ట్యాంకు మేడ మీద ఉంటుంది. ఎండాకాలం వస్తే చన్నీళ్ల కుళాయిలో వచ్చే నీళ్లలో టీ పొడి వేసుకోవడమే తరువాయి. గీజరేమో ఇంటి లోపల, ఏసీ చల్లదనంలో ఉంటుంది. అందుకని ఇక్కడ చాలామంది ఎండలు మొదలవగానే గీజర్ స్విచ్ ఆపేస్తారు. అందులో నిలవున్న నీళ్లు చల్లబడతాయి. ఇక అప్పట్నుంచి ఎర్ర గుర్తున్న కుళాయిలో చన్నీళ్లు, నీలం గుర్తున్నదాంట్లో వేణ్నీళ్లు. మా ఆయన జెబెల్ అలీలో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజర్. చలికాలంలో నేనిక్కడికి వచ్చిన కొత్తలోనే చెప్పారు, "ఎండలు ముదిరాక నీలం జోలికి పోబాక. ఎరుపే తిప్పు" అని. వినకుండా ఒకసారి వీపు కాల్చుకున్నాను. ఆ దెబ్బతో నా చెయ్యి దానంతటదే ఎర్ర కుళాయి మీదకి పోవడం నేర్చుకుంది.

ఇక నా చదువు. అనాటమీ డిపార్ట్‌మెంటులో, కీళ్లలో ఉండే మెత్తటి ఎముక కణాలు ఎలా అరిగిపోతాయో చూడటం నా రీసెర్చ్. ఫోన్లో చెబితే మా అమ్మ, "అంటే మోకాళ్ల నొప్పుల డాక్టరువా?" అంటుంది. కాదమ్మా, ఎలుక మోకాళ్లు. ఆ ఎముక కోతకి లొంగాలంటే వారాల తరబడి మందులో నానాలి. తర్వాత దాన్ని మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ అనే కోత మిషన్ మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద అతికించి, రంగు వేసి, కుళాయి కింద కడగాలి. ఇందులో బుర్ర అక్కర్లేని పని కడగడం ఒక్కటే. నేను బోల్తా పడింది అక్కడే.

మర్నాడు పొద్దున ఆ స్లైడ్లు కమిటీకి చూపించాలి. బాగుంటే పీహెచ్‌డీ కొనసాగుతుంది. బాగాలేకపోతే ఏమవుతుందో అడిగే ధైర్యం నాకు లేదు. మళ్లీ ఎలుకలతో మొదలుపెట్టే వీలు కూడా లేదు. మైనం దిమ్మలో మిగిలింది గోరంత ముక్క.

రంగు బ్రహ్మాండంగా పట్టింది. మురిసిపోతూ స్లైడ్ల స్టాండు సింకులో పెట్టి, కుళాయి తిప్పి, ఫోన్ తీశాను. రాత్రికి చేపల పులుసు చేస్తావా అని మా ఆయన మెసేజ్. చేస్తానని టైపు చేసి తల ఎత్తేసరికి సింకులోంచి ఆవిరి వస్తోంది.

యూనివర్సిటీలో ఏడాది పొడుగునా ఎర్ర కుళాయికి వేణ్నీళ్లే వస్తాయని, నీలానికి చల్లబరిచిన నీళ్లు వస్తాయని నాకు తెలుసు. నా చేతికి తెలీదు.

స్టాండు పైకి తీశాను. గాజు పలకలు తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా మోకాలు లేదు. ఊదారంగు పొరలు నీళ్లలో గుండ్రంగా తిరుగుతూ సింకు జాలీ దగ్గరికి చేరుతున్నాయి. ఏడుపొచ్చేసింది నాకు.

పక్క గదిలోంచి సమీనా వచ్చింది. కడప అమ్మాయి, నాతోపాటే రీసెర్చ్ చేస్తోంది, నాకన్నా సీనియర్.

"ఏమైంది మే?"

"సెక్షన్లన్నీ ఊడిపోయాయి."

కుళాయి కట్టేసి, దాని వైపు చూసింది. "ఎర్రది తిప్పినావా?"

"ఊఁ."

"ఇంట్లో మాదిరి?"

"ఊఁ."

పెదవి బిగబట్టింది. "ముందు పని చూద్దాం. తర్వాత నవ్వుతాలే."

బ్రష్షుతో ఒక పొరని పైకి లేపి చూసింది. నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. "ఇవి ఖలాస్. దిమ్మ యాడుంది?"

"నావల్ల కాదు సమీనా. ఉన్న కాస్త ముక్కా పాడుచేస్తాను."

"నిన్నెవరు కొయ్యమన్యారు? నేను కోస్తా. నువ్వు బ్రష్షు పట్టుకో, చాలు."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మధ్యాహ్నం మిషన్ తన పేరు మీద బుక్ అయి ఉంది. తన శాంపిల్స్ కోసుకోవాల్సిన టైమది. ఆ మాటే అన్నాను.

"నా ఎముకలు యాడికీ పోవు. నీవే నీళ్లలో పోతాండాయి. యల్లా, పద పద, కూర్చో."

ఊపిరి బిగబట్టి కోసింది. ఒక్కో పొరా జాగ్రత్తగా బ్రష్షుతో అందుకున్నాను. స్లైడ్లు ఆరేలోపు, దుబాయ్‌లో తనుండే డేరాకి వెళ్లే బస్సు వెళ్లిపోయింది. అయినా కదల్లేదు. రంగు వేసేదాకా ఉంది. కడిగే సమయానికి నన్ను సింకు దగ్గరికి రానివ్వలేదు. ఎర్ర కుళాయికి టేపు చుట్టేసి, నీలం కుళాయి సన్నగా తిప్పి, అప్పుడు తనివితీరా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూనే.

మర్నాడు కమిటీ వాళ్లు స్లైడ్లు చూసి బాగున్నాయన్నారు, ఇంకో ఏడాదికి సరే అన్నారు. వాళ్లు వెళ్లాక మా గైడ్ అడిగారు, "చాలా స్లైడ్లు చేశానన్నావు, ఇవేనా?" అని. ఆయన సూడాన్ మనిషి, ఇక్కడే తల నెరిసింది. జరిగిందంతా చెప్పాను. కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. "మా ఇంట్లోనూ గీజర్ ఆపేసే ఉంది, ఎండలు తగ్గేదాకా నువ్వు ల్యాబులో ఎడమ చేత్తో కుళాయి తిప్పు" అన్నారు. తిడతారనుకున్న మనిషి అలా అనేసరికి నాకు దండం పెట్టాలనిపించింది. సమీనాకైతే ఏం చేసినా తక్కువే. సొంత అక్కైనా తన పని మానుకుని నా మోకాళ్లు కోసేదా అని ఇప్పటికీ అనుకుంటాను. చేపల పులుసు గిన్నెడు తీసుకెళ్లి ఇచ్చాను. ఉప్పు తక్కువైందని చెప్పి మరీ తింది.

ఇక ఈ తప్పు జన్మలో చెయ్యకూడదని, ఎరుపంటే వేడి, నీలమంటే చల్లన, ఎరుపంటే వేడి, నీలమంటే చల్లన అని దారంతా వల్లించుకుంటూ ఇంటికొచ్చాను. హాయిగా స్నానం చేద్దామని బాత్‌రూంలోకి వెళ్లి, బుద్ధిగా నీలం కుళాయి తిప్పి, దాని కింద నిలబడ్డాను.

నా కేకకి మా ఆయన తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "నీలం తిప్పినావా?"

"ఊఁ."

"ఇంతకీ కమిటీ వాళ్లు ఓకే అన్నారా?"

"అన్నారు."

"కుళాయి తిప్పి చూపించమనలేదన్నమాట."