లెనార్డ్ తీసిన ముగింపు

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు జయంతి సినిమాలకు అసిస్టెంట్ ఎడిటర్. పెళ్లయి అమెరికాలోని శాన్ రామన్ వచ్చాక వీసా పుణ్యమా అని ఏళ్ల తరబడి ఇంట్లోనే కూర్చుంది. పని చేసుకునే అనుమతి చేతికొచ్చేసరికి ఆమెను ఎడిటర్‌గా పిలిచేవాళ్లెవరూ లేరు. వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది.

అక్కడే ఆమెకు లెనార్డ్ పెల్హమ్ పరిచయమయ్యాడు. తొంభై దాటిన బ్రిటిష్ డైరెక్టర్. లండన్ స్టూడియోలో టీలు అందిస్తూ మొదలై, ఎడిటింగ్ గదిలో పని నేర్చుకుని, ముప్పై నిండకుండానే డైరెక్టరయ్యాడు. ఒకప్పుడు ఆయన సినిమా అంటే జనం బారులు తీరేవారట. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ టీవీ చూస్తూ ఉన్నట్టుండి జయంతి చెయ్యి పట్టుకుని, "ఇక్కడ కట్ చెయ్యాలి" అనేవాడు. ఆమెకూ సరిగ్గా అక్కడే అనిపించేది.

పుట్టినరోజుకు ఆయన ఆఖరి సినిమా వేద్దామని జయంతే అంది. యుద్ధానికి వెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథ. హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. చివర్లో కొడుకు తలుపు తోసుకుని రాగానే లెనార్డ్ లేచి నిలబడ్డాడు.

"నా సినిమా కాదిది! వాడు రాడు!" అని అరుస్తూ తెర వైపు వెళ్లబోయి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో కూతురు మార్గరెట్ జయంతిని నిలదీసింది.

"నిన్నెవరు వెయ్యమన్నారు? నాన్న తీసిన ముగింపు నిర్మాతలు పారేసి, వేరేవాళ్లతో ఇది తీయించారు. కోర్టుకెళ్లి ఓడిపోయాడు. ఆ తర్వాత లండన్‌లో ఒక్కరూ పనివ్వలేదు. ఇక్కడికొచ్చి సబ్బుల యాడ్లు తీసి మమ్మల్ని పెంచాడు. ఆ సినిమా ఆయన ఎన్నడూ చూడలేదు."



ఇంటికొచ్చాక భర్త కౌస్తుభ్, "తెలీక చేశావ్, ఫీలవ్వకు. కొన్నాళ్లు ఆయన రూమ్‌కి వెళ్లకు," అన్నాడు.

"నేను ఎడిటర్‌ని, కౌస్తుభ్. ఆ ఎండింగ్ అతుకులా ఉందని నాకు తెలియొద్దూ?"

లాప్‌టాప్‌లో ఆ అతుకు తీసేసింది. తల్లి కిటికీ మూయడం దగ్గర సినిమా ఆపింది. మార్గరెట్‌ను బతిమాలి ఒప్పించి, లెనార్డ్ మంచం పక్కన కూర్చుని చూపించింది.

ఆయన కదలకుండా చూశాడు. "తర్వాతి షాట్ ఏది? ఆవిడ దీపం ఆర్పాలి కదా?"

"అది దొరకలేదు సార్."

"వెతుకు."

మర్నాడూ అదే అడిగాడు, ఆ తర్వాతా అంతే. ఆ రీళ్లు ఎప్పుడో కాలిపోయాయని మార్గరెట్ చెప్పింది. అయినా జయంతి రోజూ "వెతుకుతున్నాను సార్" అనే అంటూ వచ్చింది.

చలికాలం పోకముందే ఆయన పోయాడు. సంతాప సభలో మార్గరెట్ జయంతి కట్ చేసిన సినిమానే వేయించింది. కిటికీ మూసుకోగానే తెర నల్లబడింది. ఏదో ఆగిపోయిందనుకుని వెనక ఎవరో లేచారు.

"కూర్చోండి," అంది మార్గరెట్. "అయిపోయింది."

రోజూ ఆయనతో ఆడిన అబద్ధం గుర్తొచ్చి జయంతి తలెత్తలేక, పక్కనున్న కౌస్తుభ్ చెయ్యి తడుముకుని పట్టుకుంది.